తలుపు ఎవరు తీస్తారు? ఒక రిటైర్డ్ కండక్టర్ గారి కేసు

బెంగళూరులో పదకొండేళ్లుగా ఆక్యుపేషనల్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. రోజువారీ పనులు మనిషి తనంతట తాను చేసుకోగలిగేలా సాయపడటం మా పని. ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లను చూస్తాను. కుందలహళ్లి, వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు నా పేషెంట్లలో సగానికి పైగా తెలుగువాళ్లే. ఆక్యుపేషనల్ అన్న మాట ఎవరి నోటా తిరగదు కాబట్టి అందరికీ నేను 'ఫిజియో అమ్మాయి'నే. సరిదిద్దడం ఎప్పుడో మానేశాను.

ఈ కేసులో మొదటి ఐదు వారాలూ నేను తప్పు చోట వెతికాను. అందుకే రాస్తున్నాను. కుటుంబాన్ని అడిగే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

పేషెంటు వయసు 73. చీరాల డిపోలో 33 ఏళ్లు కండక్టరుగా చేసి 2009లో రిటైరయ్యారు. ఈ రాతలో ఆయన్ను కండక్టర్ గారనే అంటాను. ఇంట్లో మాత్రం 'బాబాయి గారూ' అని పిలిచేదాన్ని. భార్యకు 68. మనవరాలు పుట్టాక ఇద్దరూ ఊరు వదిలి కొడుకు దగ్గరికి వచ్చేశారు. కుందలహళ్లి దగ్గర అపార్ట్‌మెంట్, తొమ్మిదో అంతస్తు. కొడుకూ కోడలూ సాఫ్ట్‌వేర్. ఊళ్లో ఇల్లు అద్దెకిచ్చారు గానీ ముందుగది మాత్రం సామాన్లు పెట్టి తాళం వేసుకున్నారు. తాళం వేసిన గది ఒకటి ఊళ్లో లేని తెలుగు పెద్దవాళ్లు ఈ ఊళ్లో నాకు పెద్దగా తగల్లేదు.

2024 డిసెంబరులో ఒక రాత్రి బాత్రూముకు లేచి, గడప దగ్గర తూలి పడ్డారు. ఎముక విరగలేదు, నుదుటి మీద నాలుగు కుట్లు. ఆ రోజు నుంచి ఇంట్లో అందరికీ టెన్షన్. ఆయన్ను ఒంటరిగా కిందికి పంపొద్దని కొడుకు గేటు దగ్గర సెక్యూరిటీకి కూడా చెప్పి ఉంచాడు.

సంక్రాంతి వెళ్లిన వారం నేను మొదటిసారి వెళ్లాను. బెల్లు కొట్టాక కాసేపు పట్టింది. పిన్ని గారు మనవరాలిని చంకనేసుకుని వచ్చి తలుపు తీశారు. కండక్టర్ గారు మంకీ క్యాప్ పెట్టుకుని టీవీ ముందు కూర్చుని ఉన్నారు. కోస్తా నుంచి వచ్చినవాళ్లకి బెంగళూరు జనవరి అంటే మజాకా కాదు. నేను పరీక్షలు చేస్తున్నంతసేపూ పిన్ని గారు వంటింటి గుమ్మానికి చెయ్యి ఆనించి నిలబడి చూశారు. మధ్యలో కాఫీ ఇచ్చారు.

అంకెలు త్వరగా చెప్పేస్తాను. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి 17 సెకన్లు పట్టింది. 12 దాటితే పడే ప్రమాదం ఉన్నట్టు లెక్క. చేతులు వాడకుండా 30 సెకన్లలో కుర్చీలోంచి ఏడుసార్లు లేచారు. 70 నుంచి 74 మధ్య మగవాళ్లు 12 కన్నా తక్కువసార్లు లేస్తే కాళ్లలో బలం తగ్గినట్టే. పడుకున్నప్పుడు బీపీ 142/84, లేచి నిలబడ్డ నిమిషానికి 118/76. పై అంకె 20 గానీ అంతకు మించి గానీ పడిపోతే కళ్లు తిరిగి తూలే అవకాశం ఎక్కువ. బీపీ మాత్ర, ప్రోస్టేటు మాత్ర రెండూ పడుకునే ముందు కలిపి వేసుకుంటున్నారు. మాత్రలు మార్చడం నా పని కాదు. రీడింగులు రాసి వాళ్ల డాక్టర్ గారికి పంపాను, ఆయన వేళలు మార్చారు. బాత్రూము గడప దగ్గర పట్టుకోవడానికి కడ్డీ, రాత్రికి చిన్న లైటు, నీళ్లు నిలిచే చోట జారకుండా చాప పెట్టించాం. ఈ భాగం మటుకు సాఫీగా జరిగింది.

మనసు సంగతి తెలుసుకోవడానికి వృద్ధులకు వాడే పదిహేను ప్రశ్నల పట్టిక ఒకటుంది. తెలుగులో ఒక్కొక్కటే చదివి వినిపించాను. "మీ జీవితం ఖాళీగా ఉన్నట్టు అనిపిస్తుందా?" అన్న దగ్గర ఆయన ఆపారు.

"అమ్మాయ్, ఈ ప్రశ్న నన్నడుగుతున్నావా, నా వయసునడుగుతున్నావా?"

పదిహేనుకు ఎనిమిది వచ్చింది. ఐదు దాటితే పట్టించుకోవాలి.

కొడుకు కొనిచ్చిన వాచీలో రోజుకు వెయ్యి అడుగులు కూడా కనబడటం లేదు. 33 ఏళ్లు కదిలే బస్సులో ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి తిరిగిన మనిషి. ఆయన రోజు ఎలా గడుస్తుందో గంటగంటకీ రాసుకున్నాను. ఐదింటికి లేవడం, కాఫీ, న్యూస్, టిఫిను, ఫోన్‌లో వీడియోలు, కునుకు, భోజనం, కునుకు, సీరియల్. మెలకువగా ఉన్న టైములో పదకొండు గంటలు కూర్చునే.

నేను వేసిన మొదటి ప్లాను ఏ పుస్తకంలోనైనా ఉండేదే. కాళ్ల బలానికి, బ్యాలెన్సుకు ఆరు వ్యాయామాలు, రోజూ ఇరవై నిమిషాలు. చేసినప్పుడల్లా టిక్కు పెట్టడానికి ఒక షీటు. వారానికి ఒకసారి అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో సీనియర్ల మీటింగు.

నాలుగో వారం షీటు చూస్తే ఒక్క గడి ఖాళీ లేదు. నాకు ఎంత సంతోషమేసిందో! తర్వాత దగ్గరగా చూశాను. టిక్కులన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలులో ఉన్నాయి. పైగా ఆ రోజు మంగళవారమైతే బుధవారం గడిలో కూడా టిక్కుంది. ఆయన వైపు చూశాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "వే బిల్లు రాయడం అలవాటు కదమ్మా" అన్నారు. వే బిల్లు అంటే కండక్టర్లు టికెట్ల లెక్క నింపే కాగితం.

క్లబ్‌హౌస్ కథ ఇంకా చిన్నది. అక్కడ అందరూ హిందీ, ఇంగ్లిషు మాట్లాడతారు. తంబోలా ఆడించారు, తర్వాత చేతులెత్తి నవ్వమన్నారు. "వాళ్లు నవ్వమంటే నేను నవ్వాలా?" అని ఈయన రెండోవారం వెళ్లలేదు. నవ్వుల క్లబ్బుల మీద నాకు పగేమీ లేదు, వాటివల్ల బాగుపడ్డవాళ్లు నా దగ్గరే ఉన్నారు. కానీ పెద్దవాళ్లకు కాలక్షేపం చూపిస్తే చాలనుకోవడం మా వృత్తిలో ఒక బద్ధకం. నేనూ ఆ బద్ధకంలోనే ఉన్నాను.

ఐదో వారం, వ్యాయామం ఎలాగూ చేయడం లేదు కదా అని, "బాబాయి గారూ, కిందికెళ్లి ఒక రౌండు కొట్టొద్దాం పదండి" అన్నాను. లిఫ్టులో దిగాం. గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి లేచి, "అంకుల్, సాబ్ కో ఫోన్ కరూఁ?" అన్నాడు. నేను పక్కన ఉన్నానని చూపించాక వదిలాడు. అప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను. 33 ఏళ్లు ఆయన 'రైట్' అంటేనే బస్సు కదిలేది.

పావుగంట తిరిగి పైకి వచ్చాం. తలుపుకు డిజిటల్ లాకు. ఆయన బొటనవేలు పెట్టారు. ఎర్ర లైటు. వేలు చొక్కాకు తుడిచి మళ్లీ పెట్టారు. ఎర్ర లైటు. చూపుడువేలు పెట్టారు. లాకు కీచుమని అరిచి ఒక నిమిషం పాటు పనిచేయనంది. వయసు మీద పడ్డాక చర్మం ఎండిపోయి వేలిముద్రలు అరుగుతాయి. పింఛను లైఫ్ సర్టిఫికెట్ కోసం వేలు పెట్టిన పెద్దవాళ్లందరికీ ఇది తెలుసు. ఇప్పుడు ఫోన్లో మొహం చూపించి ఇచ్చే పద్ధతి వచ్చింది కాబట్టి ఆ బాధ తప్పింది. ఈ తలుపుకి అలాంటి సదుపాయం లేదు.

బెల్లు కొట్టబోయాను. చెయ్యి పట్టుకుని ఆపారు. "వద్దమ్మా, పాప పడుకునే టైము. లేస్తే మీ పిన్నికి మళ్లీ గంట పని."

"మరి?"

"నిలబడదాం. తొందరేముంది."

గోడకు ఆనుకుని నిలబడ్డాం. ఆయన నిలబడ్డ తీరు చూస్తే అక్కడ నిలబడటం అలవాటేనని తెలుస్తోంది. చెప్పులు పెట్టే చిన్న బెంచీ మీద ఒక కాలు ఆనించి, భుజం గోడకి. పది నిమిషాలయ్యాక పనమ్మాయి లిఫ్టు దిగి వచ్చింది. మాకు నమస్తే పెట్టి, నాలుగు అంకెలు నొక్కి తలుపు తీసింది.

ఆ సాయంత్రం కొడుక్కి ఫోన్ చేశాను. పనమ్మాయికి నంబరు తెలుసు, తండ్రికి తెలియదు, ఎందుకని అడిగాను. మంచి కుర్రాడు, దాచకుండా చెప్పాడు. "నాన్న మర్చిపోతారు మేడమ్, లేకపోతే వాచ్‌మన్లతో మాటల్లో చెప్పేస్తారు. అయినా అమ్మ ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుంది కదా, తలుపు తీయడానికి ప్రాబ్లం ఏముంది?" అన్నాడు.

ఇంతకాలం నేను ఆయన కాళ్లను కొలిచాను. తిరిగి లోపలికి రావడం చేతకాని మనిషి బయటికెందుకు వెళ్తాడన్న ప్రశ్న నాకు తట్టనే లేదు. వెళ్లాల్సిన పని కూడా ఇంట్లో ఏదీ మిగల్లేదు. కూరగాయల దగ్గర్నుంచి కరివేపాకు దాకా పది నిమిషాల్లో ఇంటికి తెచ్చిచ్చే యాప్ ఉంది. ఊళ్లో ఉన్నప్పుడు ఆయన రోజుకు నాలుగుసార్లు వీధిలోకి వెళ్లేవారట. పాలకి, పేపరుకి, కూరలకి, ఊరికే. వాటిలో ఒక్కదాన్నీ వ్యాయామం అని ఎవరూ అనలేదు. ఇక్కడ 'మీకెందుకు శ్రమ' అంటూ ఒక్కొక్కటే తీసేశారు. ప్రేమతోనే తీసేశారు. అందుకే ఆయనకు ఎదురు చెప్పే వీల్లేకపోయింది.

రెండో ప్లానుకు ముందు ఆయన్నే అడిగాను, మీకేం చేయాలనుంది అని. మాలో వాడే ఒక పద్ధతి ప్రకారం పేషెంటే తనకు ముఖ్యమైన పనిని చెప్పి, ఇప్పుడు ఎంత బాగా చేయగలుగుతున్నారో, దానిమీద తృప్తి ఎంతో పదికి మార్కులు వేసుకోవాలి. ఆయన ఆలోచించకుండా చెప్పారు: "బస్సెక్కి మెజెస్టిక్ దాకా ఒక్కణ్ణే వెళ్లి రావాలి." మెజెస్టిక్ అంటే బెంగళూరు పెద్ద బస్టాండు. చేయగలగడానికి రెండు మార్కులు, తృప్తికి ఒకటి.

లాకుతో పాటు వచ్చిన, తాకిస్తే తలుపు తెరుచుకునే ట్యాగ్ కార్డులు రెండు కొడుకు సొరుగులో పడున్నాయి. ఒకటి రిజిస్టర్ చేయించి ఆయన చొక్కా జేబులో పెట్టించాను. దీనికి పట్టిన టైము నాలుగు నిమిషాలు. సెక్యూరిటీకి ఇచ్చిన సూచన వెనక్కి తీసుకోవడానికి రెండు వారాలు పట్టింది. కొడుకు భయం తీసిపారేసేది కాదు, కుట్లు వేయించింది అతనే. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం: వెళ్లేటప్పుడు ఎక్కడికో, ఎప్పటికి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లాలి, ఫోన్ జేబులో ఉండాలి, కర్ర ఉండాలి. కర్రకు ఆయన ఒప్పుకోలేదు. గొడుగుకు ఒప్పుకున్నారు.

ఆకుకూరలు, కొత్తిమీర, కరివేపాకు యాప్‌లో తెప్పించడం ఆపేయాలని కోడలితో మాట్లాడాను. "మామయ్యగారు ముదురు తోటకూర తెస్తారేమో" అని నవ్వింది గానీ మాట నిలబెట్టుకుంది. మొదటి వారం నిజంగానే ముదురే తెచ్చారు. ఆమె వండింది. దానికి ఆమెకు నేను మార్కులేస్తే పదికి పది.

వ్యాయామాలు అవే ఆరు. మారింది వాటి పేర్లు. ఆర్డినరీ బస్సు మొదటి మెట్టు నేల నుంచి దాదాపు 40 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. మెట్ల దగ్గర సగం ఎత్తుతో మొదలుపెట్టి, బలమైన చెక్కపీట మీద దాకా పెంచుకుంటూ పోయాం. అది 'ఫుట్‌బోర్డు'. వంటగది గట్టు పట్టుకుని మడమలు పైకెత్తడం 'పై కడ్డీ అందుకోవడం'. ఒంటికాలి మీద నిలబడటం 'సడన్ బ్రేకు'. పేర్లు పెట్టింది ఆయనే. అరవై ఐదు దాటినవాళ్లు కూడా వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలేలా ఉండాలని, మూడు రోజులైనా బ్యాలెన్సు వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల్లో ఉంది. ఇది చెబితే ఆయన వేళ్ల మీద లెక్క వేసి, "అంటే ఒంగోలుకి రెండు ట్రిప్పులు" అన్నారు. ఈసారి టిక్కుల షీటు ఇవ్వలేదు.

ఎనిమిదో వారం ఇద్దరం బస్సెక్కాం. 335ఈ, కాడుగోడి నుంచి మెజెస్టిక్ వెళ్లేది. ఎక్కగానే ఎడమచేత్తో కడ్డీ, కుడిచేత్తో సీటు వెనక పట్టుకుని, పాదాలు ఎడంగా పెట్టి నిలబడ్డారు. నేర్పితే వచ్చేది కాదది. నేను ఊగిపోతున్నాను, ఆయన కదల్లేదు. సీటిచ్చినా ఐదు నిమిషాలు కూర్చోలేదు.

కండక్టరు వచ్చి "ఎల్లిగె?" అన్నాడు.

"మెజెస్టిక్. నేనూ స్టాఫే" అన్నారు ఈయన తెలుగులో, గుండె మీద చెయ్యి వేసుకుని.

అతనికి అర్థమైంది. నవ్వాడు. టికెట్ మాత్రం కొట్టాడు. "చిల్లరె కొడి" అన్నాడు. ఆ మాటకి ఈయన మొహం వెలిగిపోయింది. చిల్లరకి కన్నడంలోనూ చిల్లరే! జేబులోంచి లెక్కపెట్టి ఇచ్చి, నా చెవిలో, "జనవరి 5 నుంచి 15 శాతం పెంచారట, చిల్లర గొడవ ఎక్కువుంటుంది పాపం" అన్నారు. ఛార్జీలు పెరిగిన సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు. తొమ్మిదో అంతస్తులో కూర్చుని మనిషి ఏం చదువుతున్నాడో మనం అడగం.

తర్వాతి వారం జరిగింది రాయకపోతే ఈ కేసు అబద్ధమవుతుంది. నాకు చెప్పకుండా, ఇంట్లో 'కూరలకి' అని చెప్పి, ఒక్కరే బస్సెక్కేశారు. తిరుగుప్రయాణంలో కుందలహళ్లి గేటు స్టాపనుకుని మారతహళ్లిలో దిగిపోయారు. ఫోన్లో చార్జింగు లేదు. తెలుగులో అడిగితే దారి చెప్పేవాళ్లు అక్కడ బోలెడుమంది ఉంటారు. కానీ ఆయన ఎవర్నీ అడగలేదు. కండక్టరు దారి అడగడమా! మూడు గంటలు అటూ ఇటూ నడిచి, చివరికి ఆటోలో ఇల్లు చేరారు. కొడుకు నాకు ఫోన్ చేసి గట్టిగానే అన్నాడు. అతను అన్నదాంట్లో న్యాయముంది. ధైర్యం పెంచినంత శ్రద్ధగా తప్పిపోతే ఏం చేయాలన్నది నేను చెప్పలేదు. ఆ మర్నాడే కన్నడంలో, తెలుగులో అడ్రసు రాసిన చీటీ లామినేట్ చేయించి, వెనక కొడుకు నంబరు, పెద్దల హెల్ప్‌లైన్ 14567 రాసి ట్యాగ్ కార్డుతో కలిపి కట్టించాను. రెండు వారాలు బస్సు బంద్. మూడోవారం కొడుకే సెలవు పెట్టి తండ్రితో మెట్రోలో వెళ్లాడు, కుందలహళ్లి నుంచి మెజెస్టిక్ దాకా. ఆయనకు మెట్రో నచ్చలేదు. శుభ్రంగా ఉంది గానీ మాట్లాడేవాడు లేడన్నారు.

ఆ తర్వాత తోడు దొరికింది. కూరల బండి దగ్గర పరిచయమైన కడప మాస్టారు ఒకాయన, రిటైర్డ్ లెక్కల టీచరు. ఇద్దరూ గురువారం గురువారం బస్సెక్కడం మొదలుపెట్టారు. లాల్‌బాగ్‌కి ఒకసారి, వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితికి ఒకసారి, ఎక్కువసార్లు ఊరికే ఈ చివర నుంచి ఆ చివరికి. ఒక గురువారం రాజకీయాల దగ్గర మాటామాటా పెరిగి పది రోజులు మాట్లాడుకోలేదు. ఆ పది రోజులూ కండక్టర్ గారు ఒక్కరే వెళ్లొచ్చారు. నా రికార్డులో 'ఒంటరి ప్రయాణం సాధించారు' అని ఉన్నది ఆ తగాదా పుణ్యమే.

పదహారో వారం అంకెలు: నడిచి కూర్చునే పరీక్ష 13 సెకన్లు. మెరుగే, కానీ 12 లోపలికి రాలేదు కాబట్టి పడే ప్రమాదం పోయిందని రాయలేదు. కుర్చీలోంచి లేవడం ఏడు నుంచి పదకొండుకు. నిలబడితే బీపీ తగ్గడం 12 దగ్గర ఆగింది. అడుగులు రోజుకు నాలుగు వేల చిల్లర. పదిహేను ప్రశ్నల పట్టికలో ఎనిమిది కాస్తా నాలుగైంది. ఆయన మార్కులు రెండు నుంచి ఆరుకి, తృప్తి ఒకటి నుంచి ఏడుకి. రెండు మార్కులు పెరిగినా మా లెక్కలో చెప్పుకోదగ్గ మార్పే. ఇన్ని వారాల్లో పడలేదు గానీ డ్రైనేజీ పలక ఎత్తుపల్లాల దగ్గర ఒకసారి తూలారు, గొడుగు ఆదుకుంది. ఇందులో మాత్రల వేళ మార్చడం వల్ల ఎంత, వ్యాయామం వల్ల ఎంత, కార్డు వల్ల ఎంత అంటే విడదీసి చెప్పలేను.

మే నెలలో కేసు ముగించాను. ఇప్పుడు ఏ ఇంటికి మొదటిసారి వెళ్లినా పరీక్షలకంటే ముందు, "ఒకసారి బయటికెళ్లి మళ్లీ లోపలికి రండి, చూస్తాను" అంటున్నాను. తాళం, గేటు, లిఫ్టు బటన్లు, చెప్పులు వేసుకోవడానికి ఆసరా అన్నీ ఆ ఐదు నిమిషాల్లో కనబడతాయి.

ఆగస్టు మూడోవారంలో ఫాలో అప్‌కి వెళ్లాను. బెల్లు కొట్టి, ఎందుకో ఈసారి లెక్కపెట్టాను. తలుపు తెరుచుకోవడానికి నలభై దాకా వచ్చింది. పిన్ని గారు తీశారు. గోడ పట్టుకుని వెనక్కి నడిచారు, ఒక్కో అడుగుకీ ఒళ్లు పక్కకి ఊగుతోంది. జనవరి నుంచి ఈ ఇంటికి ఎన్నిసార్లు వచ్చానో!

"మీ బాబాయి లేరు, గురువారం కదా" అన్నారు. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. ఇక్కడ ఆడవాళ్లకు బస్సులో సున్నా టికెట్టు ఉందనీ, దానికి కర్ణాటక అడ్రసు ఉండాలి కాబట్టి ఆధార్ మార్పిస్తానని కొడుకు అంటున్నాడనీ చెప్పారు. ఈమె ఒప్పుకోలేదట.

"ఊరి అడ్రసు తీసేస్తే నేనెక్కడి దాన్నమ్మా? మన దగ్గర కూడా మొన్న ఆగస్టు 15 నుంచి ఫ్రీ పెట్టారుగా. ఒంగోలులో మా చెల్లెలుంది. చీరాల నుంచి బస్సు మీద వెళ్లి రావాలనుంది." కాసేపాగి, మోకాలి మీద చీర సర్దుకుంటూ, "బస్సు మెట్టు ఎత్తు కదా. నా కాళ్లు కూడా ఒకసారి చూస్తావా అమ్మాయ్?" అన్నారు.

"కిందికి దిగి ఎన్నాళ్లయింది పిన్ని గారూ?"

"ఉగాదికి గుడికెళ్లాం."

"మీ దగ్గర తలుపు కార్డుందా?"

"నాకెందుకమ్మా" అన్నారు. "నేను ఇంట్లోనే ఉంటాగా."

రెండో కార్డు ఎక్కడుందని అడిగాను. సొరుగు చూపించారు. బ్యాగులోంచి కొత్త షీటు తీసి, పై వరుసలో వయసు 68 అని రాశాను.